లినక్స్ వేశాక కంప్యూటర్ తెరుచుకోకపోతే... ముందు చూడాల్సింది ఎక్కడ ఆగిందో

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు అర్హత లేని పాత కంప్యూటర్ల యజమానులు లినక్స్ వైపు చూడటానికి అదొక కారణం. ఇన్‌స్టాలేషన్ సజావుగానే ముగుస్తుంది. పెన్‌డ్రైవ్ తీసి మళ్లీ ఆన్ చేస్తే నల్లని తెర! కంగారులో చాలామంది మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేస్తారు. ఆ తొందరలో డిస్కు మొత్తాన్ని చెరిపే ఐచ్ఛికాన్ని ఎంచుకుంటే, అప్పటిదాకా భద్రంగా ఉన్న ఫొటోలు, పత్రాలు నిజంగానే పోతాయి. బూట్ కానంత మాత్రాన డేటా పోయినట్లు కాదు.

ఆన్ చేయగానే మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్ డిస్కులో బూట్‌లోడర్‌ను వెతుకుతుంది. లినక్స్‌లో సాధారణంగా అది గ్రబ్. గ్రబ్ కెర్నల్‌ను మెమరీలోకి తెస్తుంది, తక్కిన వ్యవస్థను కెర్నల్ నడిపిస్తుంది. ఈ వరుసలో ఎక్కడ ఆగిందో తెలిస్తే సగం చిక్కు వీడినట్లే.

నేరుగా విండోస్ తెరుచుకుంటే లినక్స్ పాడైనట్లు కాదు. ఫర్మ్‌వేర్ సెట్టింగుల్లో బూట్ వరుస మార్చి చూడాలి. బూట్ అయ్యే పరికరమే లేదన్న సందేశం వస్తే అసలు కారణం తరచూ పెన్‌డ్రైవ్‌లోనే ఉంటుంది. దాన్ని పాత బయోస్ పద్ధతిలో తెరిచి ఇన్‌స్టాల్ చేస్తే, యూఈఎఫ్‌ఐ పద్ధతిలో నడిచే యంత్రానికి ఆ గ్రబ్ కనిపించదు. పెన్‌డ్రైవ్‌ను యూఈఎఫ్‌ఐ పద్ధతిలో తెరిచి గ్రబ్‌ను మాత్రమే మళ్లీ అమర్చవచ్చు. ఉబుంటు వాడేవారికి బూట్ రిపేర్ అనే ఉచిత సాధనం ఈ పని చేసిపెడుతుంది. తెరపై 'గ్రబ్ రెస్క్యూ' అని కనిపిస్తే, గ్రబ్ మొదలైంది గానీ తన ఫైళ్లున్న విభాగం దానికి దొరకలేదు. దానికీ చికిత్స ఇదే.

గ్రబ్ మెనూ కనిపించాక తెర నల్లబడితే అనుమానించాల్సింది గ్రాఫిక్స్‌ను. ఎన్‌విడియా కార్డులున్న చోట ఇది పాత కథే. మెనూలో 'ఇ' మీట నొక్కి, 'లినక్స్' అన్న పదంతో మొదలయ్యే వరుస చివర ఖాళీ వదిలి నో, మోడ్, సెట్ అనే మూడు ఆంగ్ల పదాలను విడదీయకుండా కలిపి టైప్ చేయాలి. ఆపై ఎఫ్10 నొక్కాలి. ఈ మార్పు ఆ ఒక్కసారికే పనిచేస్తుంది. తెర వచ్చాక సరైన డ్రైవర్ వేసుకోవాలి.

సెక్యూర్ బూట్‌ను ఆపేయమనే సలహా విరివిగా వినిపిస్తుంది. ఉబుంటు, ఫెడోరా, డెబియన్ వంటివాటికి సాధారణంగా ఆ అవసరం రాదు. పైగా పక్కనే విండోస్ ఉండి బిట్‌లాకర్ అమలులో ఉంటే, సెక్యూర్ బూట్‌ను మార్చాక అది 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ లేకపోతే ఆ విభాగంలోని ఫైళ్లు తెరుచుకోవు. కాబట్టి దాన్ని ముందే కాగితంపై రాసిపెట్టుకోవాలి.

ఏ మరమ్మతుకైనా ముందు అదే పెన్‌డ్రైవ్‌తో ఇన్‌స్టాల్ చేయకుండా లినక్స్‌ను తెరిచి, డిస్కులోని ముఖ్యమైన ఫైళ్లను వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవచ్చు.