సైనిక ఎంపికలో మనోవైజ్ఞానిక పరీక్షలు – భాషాసమస్య: నారాయణఖేడ్ ప్రాంత నేపథ్యం

ఉపోద్ఘాతం:

సైనిక శిక్షణ దీర్ఘకాలికం, వ్యయభరితం. శిక్షణకు తగినవారిని ముందుగానే గుర్తించడం ఎలా అన్న ప్రశ్నే ప్రవర్తనా శాస్త్రాలను సైన్యానికి దగ్గర చేసింది. భారతదేశంలో ఈ కృషి 1943లో డెహ్రాడూన్‌లో నెలకొల్పిన ప్రయోగాత్మక ఎంపిక మండలితో మొదలైంది. 1949లో ఏర్పడిన మనోవైజ్ఞానిక పరిశోధన విభాగం క్రమంగా విస్తరించి, 1982లో డి.ఆర్.డి.ఓ. పరిధిలోని డి.ఐ.పి.ఆర్.గా రూపొందింది. అధికారుల ఎంపికకు వాడే మనోవైజ్ఞానిక పరీక్షలపై పరిశోధన ఈ సంస్థ ప్రధాన బాధ్యతల్లో ఒకటి.

పరీక్షలో కాలం, భాష:

సర్వీసెస్ సెలక్షన్ బోర్డు నిర్వహించే పదసంసర్గ పరీక్షలో 60 పదాలు ఒకదాని తరువాత ఒకటి కనిపిస్తాయి. ఒక్కొక్క పదానికి తోచిన వాక్యం రాయడానికి 15 సెకన్ల గడువు ఉంటుంది. సన్నివేశ ప్రతిస్పందన పరీక్షలో 60 సన్నివేశాలకు 30 నిమిషాలు ఇస్తారు. జవాబుకు మెరుగులు దిద్దుకునే వ్యవధి లేనప్పుడు అభ్యర్థి సహజ స్వభావం బయటపడుతుందన్నది వీటి వెనుక ఉన్న సూత్రం. ఆ సూత్రం నిలవాలంటే అభ్యర్థికి ముందుగా స్ఫురించేదీ, అతడు కాగితంపై పెట్టేదీ ఒకే భాషలో ఉండాలి.

సంగారెడ్డి జిల్లాలోని నారాయణఖేడ్ కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న ప్రాంతం. తెలుగుతోపాటు కన్నడం, మరాఠీ, ఉర్దూ ఇక్కడి వాడుకలో ఉన్నాయి. తండాల్లో ఇంటి భాష లంబాడీ. తండాలో పెరిగి తెలుగు మాధ్యమంలో చదివిన యువకునికి తెరపై ‘డిఫీట్’ అన్న పదం కనిపించిందనుకుందాం. దాని అర్థం గ్రహించి, తన భాషలో భావం ఊహించి, దానిని ఇంగ్లీషులోకో హిందీలోకో మార్చి వాక్యం కూర్చాలి. ఇవన్నీ ఆ 15 సెకన్లలోనే జరగాలి. అప్పుడు పొడిపొడిగా వెలువడిన వాక్యం అతని ఆత్మవిశ్వాసానికి కొలమానమా, అనువాద వేగానికా?

ఇది కొత్త సందేహం కాదు. 1917లో అమెరికా సైన్యం కోసం రాబర్ట్ యెర్క్స్ బృందం రూపొందించిన ఆల్ఫా, బీటా పరీక్షలను 17 లక్షలకు పైగా సైనికులకు పెట్టారు. ఇంగ్లీషు చదవలేనివారికోసమే బొమ్మలతో బీటా పరీక్షను తయారుచేశారు. అయితే గొట్టం లేని గ్రామఫోన్‌ను చూపి లోపమేమిటో చెప్పమంటే, గ్రామఫోన్‌నే ఎరగని వలసదారుడు ఏం చెప్పగలడు? ఆ ఫలితాల ఆధారంగా కార్ల్ బ్రిగమ్ 1923లో జాతుల మేధాశక్తికి తారతమ్యాలు కట్టాడు. మాతృభాష కాని భాషలో పెట్టిన పరీక్షలతో అటువంటి పోలికలు చెల్లవని 1930లో తానే ఒప్పుకున్నాడు. ఈలోగా, 1924లో, వలసలను కట్టడి చేసే చట్టం వచ్చేసింది.

అగ్నివీర్ నియామకాలకు జరిపే ఉమ్మడి ప్రవేశ పరీక్షను 2025లో 13 భాషల్లోకి విస్తరించారు. వాటిలో తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ ఉన్నాయి, లంబాడీ లేదు. అధికారుల ఎంపికలో మాత్రం ఇంగ్లీషు, హిందీలదే ప్రాబల్యం. సైనిక శ్రేణుల్లో పరస్పర సంభాషణకు ఉమ్మడి భాష అవసరమన్న వాదన సబబైనదే. కాని అది శిక్షణలో నేర్పగల నైపుణ్యం. దానిని స్వభావ పరీక్షలో కలిపి కొలవడంలోనే చిక్కు ఉంది.

పరిశోధనపరంగా మరొక ఇబ్బంది ఉంది. పరీక్ష ఎంత నమ్మదగినదో ఎంపికైనవారి శిక్షణ ఫలితాలతో పోల్చి నిర్ధారిస్తారు. తిరస్కరణకు గురైనవారు శిక్షణకే రారు గనుక, పొరపాటున వదిలివేసిన సమర్థుల జాడ ఆ గణాంకాల్లో ఎక్కడా కనిపించదు. ఒకే అభ్యర్థి చేత మాతృభాషలోనూ, ఇంగ్లీషులోనూ వేర్వేరు పదావళులతో జవాబులు రాయించి, భాష తెలియని మూల్యాంకకులకు అనువాదాలు అందించి పోల్చితే ఆ తేడాను కొంతవరకైనా లెక్కకట్టవచ్చు. బహుభాషా ప్రాంతమైన నారాయణఖేడ్‌లోని డిగ్రీ విద్యార్థులతో అటువంటి అధ్యయనం చేపట్టడానికి సైన్యం అనుమతితో పనిలేదు.