చీకటికి మూత పెట్టొచ్చు, మీకు తెలుసా?

మీకు తెలుసా? చీకటిని గిన్నె కింద బోర్లించి దాచేయొచ్చు! డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటలో 'డార్క్‌నెస్' అని ఒక మంత్రం ఉంది. దాన్ని ఒక గులకరాయి మీద వేశారనుకోండి, రాయి చుట్టూ 15 అడుగుల దాకా కాటుక చీకటి కమ్ముకుంటుంది. ఆ రాయి మీద గిన్నె బోర్లించండి. చీకటి మాయం! గిన్నె ఎత్తండి. మళ్ళీ చీకటి! దీపానికి మూత పెడితే చీకటవుతుందని మన అవ్వలందరికీ తెలుసు. చీకటికి మూత పెడితే వెలుగొస్తుందని ఏ అవ్వా చెప్పలేదే!

ఈ ఆట వయసెంతో మీకు తెలుసా? 1974లో పుట్టింది, అమెరికాలో. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు కట్టిన ఆట. మొదట అచ్చేసింది 1,000 పెట్టెలే! ఒకరు కథ నడుపుతారు, ఆయన డంజన్ మాస్టర్. చుట్టూ కూర్చున్నవాళ్ళు వీరులు, దొంగలు, మాంత్రికులు. కత్తి తగిలిందా లేదా అని తేల్చేది 20 ముఖాల పాచిక. మన పాచికలకు లేనన్ని ముఖాలు, రావణుడికి రెట్టింపు!

మీకు తెలుసా? ఇక్కడ మంత్రాలకు తరగతులుంటాయి! 'లైట్' అనే మంత్రం అంగన్‌వాడీ, అంటే సున్నా. 'డార్క్‌నెస్' రెండో తరగతి. 'డేలైట్' మూడో తరగతి. చీకటి మంత్రం వెళ్ళి రెండు, అంతకన్నా తక్కువ తరగతి వెలుగు మంత్రానికి తగిలితే వెలుగు ఆరిపోతుంది. 'డేలైట్' వచ్చి మూడు, అంతకన్నా తక్కువ తరగతి చీకటికి తగిలితే చీకటి పారిపోతుంది. పెద్ద క్లాసు పిల్లాడు వస్తే చిన్న క్లాసు పిల్లలు పక్కకు జరిగినట్టే!

మామూలు టార్చి పట్టుకెళ్తే? వెలగదు. లాంతరు? ఊహూ. పెట్రోమాక్సు? అదీ అంతే. మంత్రం వేసి పుట్టించిన చీకట్లో మంత్రం లేని వెలుగు ఏదీ పనిచేయదు. మామూలు చీకట్లో చూడగల జీవుల కళ్ళకూ అక్కడ ఏమీ కనబడదు. చీకటికి అలవాటుపడ్డ కళ్ళకే దారి తెలియని చీకటి!

మీకు తెలుసా? నూనె, వత్తి లేకుండా ఎప్పటికీ ఆరని దీపం కూడా ఈ ఆటలో దొరుకుతుంది. పేరు 'కంటిన్యువల్ ఫ్లేమ్'. 50 బంగారు కాసుల విలువ చేసే కెంపుల పొడి చల్లితే చాలు, యుగాలు వెలుగుతుంది. కానీ అది రెండో తరగతి దీపం. ఎవడో ఒకడు 'డార్క్‌నెస్' అన్నాడంటే ఉఫ్! కెంపులు బూడిదలో పోసిన పన్నీరే.

ఇప్పుడు వీటన్నిటికన్నా వింతైనది. 2003లో వచ్చిన నిబంధనల పుస్తకంలో, కటిక చీకటి గదిలోకి వెళ్ళి 'డార్క్‌నెస్' మంత్రం వేస్తే గది కాస్త వెలుతురైపోయేది! ఎందుకంటారా? ఆ మంత్రం 'మసక వెలుతురు పరుచుకుంటుంది' అని రాసి పెట్టారు మరి. చీకటిని పిలిస్తే దీపం పట్టుకొచ్చిందన్నమాట!

అదే పుస్తకంలో పగటి మంత్రం, చీకటి మంత్రం ఒకదాని మీద ఒకటి పడితే ఏమయ్యేదో చెప్పుకోండి. రెండూ రద్దు! ఆ చోట మంత్రాలేవీ లేకముందు ఎలా ఉందో అలాగే ఉంటుంది. ఎండ ఉంటే ఎండ, అమావాస్య అయితే అమావాస్య. నాకు అన్నిటికన్నా నచ్చిన తీర్పు ఇదే. ఇద్దరు పోట్లాడుకుంటుంటే పెద్దమనిషి వచ్చి ఎవరి ఇంటికి వాళ్ళని పంపేసినట్టు!

మీకు తెలుసా? 2014 పుస్తకంలో 'డేలైట్' మంత్రానికి పేరు పగటి వెలుగే గానీ, అది సూర్యుడి ఎండ అని ఎక్కడా రాయలేదు. ఎండ తగిలితే కాలిపోయే రక్తపిశాచి ఆ వెలుగులో హాయిగా చేతులు కట్టుకుని నిలబడేది. 2024లో మాట మార్చారు, ఇప్పుడది అచ్చమైన ఎండే. పదేళ్ళు చలికాచుకున్న పిశాచులు ఒక్క రోజులో చెట్ల నీడకి పరుగు!

సరే, ఇదంతా అమెరికా వాళ్ళ బుర్రలో పుట్టిందనుకుంటున్నారా? ఆగండి. వెలుగు మంత్రం, చీకటి మంత్రం ఢీకొన్న అసలు పోరు వ్యాస భారతం ద్రోణపర్వంలో ఉంది. అదీ 12వ రోజు యుద్ధంలో.

చీకటి వేసింది ఎవరో మీకు తెలుసా? శకుని! అవును, పాచికల శకునే! తమ్ముళ్ళు వృషకుడు, అచలుడు అర్జునుడి ఒకే బాణానికి కూలిపోయారు. శకుని మాయకు దిగాడు. ముందు ఆయుధాల వాన. తరవాత గాడిదలు, ఒంటెలు, దున్నలు, పులులు, ఎలుగుబంట్లు, కాకులు, అన్నీ ఆకలితో అర్జునుడి మీదికి ఉరికాయి. బాణాలకు అవన్నీ చెదిరిపోయాక దిగింది చీకటి. రథం కనబడదు, గుర్రం కనబడదు. అర్జునుడు ఏం వేశాడు? జ్యోతిషాస్త్రం! జాతకాలు చెప్పే శాస్త్రం కాదండోయ్, జ్యోతిని పుట్టించే అస్త్రం. చీకటి పటాపంచలు. వెంటనే నీళ్ళు ముంచుకొచ్చాయి. ఈసారి ఆదిత్యాస్త్రం వేసి నీళ్ళు ఇంకిపోయేలా చేశాడు. శకుని గుర్రాలను అదిలించి పరారీ!

చూశారా? ఒక చేతిలో పాచికలు, ఇంకో చేతిలో చీకటి మంత్రం. అడవి మృగాలను, వరదలను కూడా ఒకదాని వెనక ఒకటి ఎదుటివాడి మీదికి తోలాడు. డంజన్ మాస్టర్ చేసేది సరిగ్గా ఇదే పని. 1974కి ఎన్ని వేల ఏళ్ళ ముందు!

ఇంకా ఉంది. పొద్దుండగానే రాత్రి, నడిరాత్రి పగలు, రెండూ ఒకే తేదీన జరిగిన యుద్ధదినం ఏదో మీకు తెలుసా? 14వ రోజు! సాయంత్రం కృష్ణుడు చీకటి కమ్మించాడు, పొద్దుగూకిందనుకుని సైంధవుడు తలెత్తి చూశాడు, తల పోయింది. ఆ చీకటి నిలిచింది కాసేపే. చాలింది!

ఆ రోజు అసలు పొద్దుగూకాక కూడా యుద్ధం ఆగలేదు. దుర్యోధనుడు కాలిబంట్లతో ఆయుధాలు దించి దీపాలు పట్టుకోండన్నాడు. లెక్క కూడా ఉంది. కౌరవుల వైపు రథానికి 5 దీపాలు, ఏనుగుకి 3, గుర్రానికి 1. పాండవులు ఊరుకుంటారా? రథానికి 10, ఏనుగుకి 7, గుర్రానికి 2!

పెన్సిలు తీయండి. ఒక అక్షౌహిణిలో రథాలు 21,870, ఏనుగులు 21,870, గుర్రాలు 65,610. నిండు అక్షౌహిణికి కౌరవ లెక్కన 2,40,570 దీపాలు. పాండవ లెక్కన 5,03,010 దీపాలు! దీపావళికి మన ఊళ్ళన్నీ కలిసినా తట్టుకోలేని నూనె ఖర్చు. ఇంకో తమాషా గమనించారా? అక్షౌహిణిలో రథానికి ఐదుగురు చొప్పున కాలిబంట్లు 1,09,350 మంది. కౌరవ రథాల దీపాలు కూడా సరిగ్గా 1,09,350! బంటుకొక దీపం!

రాత్రి బాగా పొద్దుపోయాక సైనికులు తూలిపోతుంటే అర్జునుడే 'కాసేపు పడుకోండి, చంద్రుడొచ్చాక లేద్దాం' అన్నాడు. శత్రువులు కూడా 'మంచిమాట' అని రణరంగంలోనే నిద్రపోయారు. చంద్రుడు వచ్చాడు, మళ్ళీ మొదలుపెట్టారు. ప్రపంచంలో ఇలాంటి ఇంటర్వెల్ ఇంకెక్కడైనా విన్నారా?

మా చిత్తూరు, తిరుపతి వైపు జనానికి ఈ యుద్ధం పుస్తకంలోది కాదు, ఊళ్ళోది. ధర్మరాజుల గుడి దగ్గర 'భారతం' పెట్టారంటే 18 రోజులు పండగే. మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం. పగలు చెవులకు, రాత్రి కళ్ళకు!

ఆ రాత్రి నాటకంలో చీకటి మంత్రం ఎలా ఉంటుందో మీకు తెలుసా? ఇద్దరు మనుషులు, ఒక గుడ్డ తెర. అంతే! రాజు వేషం తెర వెనక నిలబడి దరువు పాడుతుంది. తెర పైనుంచి కిరీటం కొస ఒక్కటే కనబడుతూ ఎగురుతుంటుంది. కింద గజ్జెలు ఘల్లుమంటుంటాయి. తెర ఒక మూల కాస్త దిగుతుంది, ఒక కన్ను, అరదళం పూసిన బుగ్గ. మళ్ళీ లేస్తుంది. ముందు వరసలో చాప మీద కూర్చున్న పిల్లలు అప్పటికే అమ్మ కొంగు పట్టుకుని ఉంటారు. చటుక్కున తెర తీసేస్తారు. భుజకీర్తుల మీది అద్దంముక్కలన్నీ ఒక్కసారిగా దీపం వెలుగుకు భగ్గుమంటాయి! ఏ తరగతి మంత్రమో తెలియదు, నిద్రపోతున్న తాతలు కూడా లేచి కూర్చుంటారు.

దుర్యోధనుడు ఎంత పెద్దవాడో మీకు తెలుసా? ఆఖరి రోజు మైదానంలో మట్టితో పెద్ద బొమ్మ చేసి పడుకోబెడతారు. ఆ బొమ్మ మీదే వేషగాళ్ళు భీముడు, దుర్యోధనుడు పరుగెత్తి పోట్లాడుకుంటారు! తెల్లవార్లూ దీపాల కింద ఆడిన భారతం ఆ రోజు మాత్రం నిండు ఎండలోకి వస్తుంది. ఇక అగ్నిగుండంలో నిప్పుల మీద భక్తుల నడక.

ఇప్పుడు ఆకాశంలో జరిగే చీకటి మంత్రానికి వద్దాం. గ్రహణం! రాహువుకు తలే ఉంది, మొండెం లేదు. అందుకే మింగిన సూర్యుడు గొంతు దాటగానే బయటపడతాడు. కడుపు ఉంటే ఏమైపోయేవాళ్ళం!

మీకు తెలుసా? గ్రహణం వేళ తిరుమల గుడి తలుపులు మూస్తారు, తిరుపతికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని శ్రీకాళహస్తి గుడి తెరిచే ఉంటుంది! 2022లో అక్టోబరు 25న సూర్యగ్రహణం, నవంబరు 8న చంద్రగ్రహణం, 14 రోజుల్లో రెండు. రెండుసార్లూ తిరుమలలో ఉదయం 8 దాటాక మూసిన తలుపులు రాత్రి 7 దాటాకే తెరుచుకున్నాయి. శ్రీకాళహస్తిలో మాత్రం గ్రహణం పట్టిన వేళకే ప్రత్యేక అభిషేకం! రాహుకేతు క్షేత్రం కదా, చీకటికి అక్కడ భయపడేదెవరు? స్వామి కవచంలో 27 నక్షత్రాలు ఉంటాయంటారు. రాహువు ఒక్కడు, కాపలా 27!

అక్కడి గర్భగుడి దీపం గురించి విన్నారా? గాలి చొరబడని చోట ఒక దీపం మాత్రం రెపరెపలాడుతుంటుందని చెబుతారు. స్వామి వాయులింగం, అది ఆయన ఊపిరంటారు భక్తులు. చుట్టూ ఉన్న దీపాలు కదలవు, ఆ ఒక్కటే కదులుతుంది. చూస్తుంటే మన ఊపిరి ఆగుతుంది!

చీకటి పడితేనే వెలుగు గుట్టు బయటపడుతుందని మీకు తెలుసా? 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త వచ్చాడు. ఎక్కడికి? మన గుంటూరుకి! సూర్యుడి అంచున లేచే మంటల వెలుగును గ్రహణంలో చూశాడు, ఆ మర్నాడు గ్రహణం లేకుండానే చూసే దారి పట్టేశాడు. హీలియం కథ మొదలైంది ఆ ఏటి గ్రహణంతోనే. గుంటూరంటే మిరపకాయలే అనుకున్నారా!

ఇక అచ్చమైన 'లైట్' మంత్రం మన దగ్గరే ఉంది. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్ళే దారిలో గాదంకి. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో 1998లో జపాను సాయంతో లైడార్ పెట్టారు. రాత్రి పూట పచ్చటి లేజరు కిరణం నిట్టనిలువుగా ఆకాశంలోకి వేస్తారు. తిరిగొచ్చే పిసరంత వెలుగును దూరదర్శినితో ఏరుకుని 80 కిలోమీటర్ల ఎత్తున వేడి ఎంతో లెక్కకడతారు! పగలు ఎందుకు వేయరు? ఎండలో ఆ పిసరు మునిగిపోతుంది. చీకటి ఉంటేనే పలికే వెలుగు మంత్రం!

పక్కనే ఉన్న రాడారుకు మాత్రం పగలూ రాత్రీ ఒకటే. దాని యాంటెన్నాలు ఎన్నో మీకు తెలుసా? 1,024! 32 వరసల్లో, వరసకు 32. బడిపిల్లల ప్రార్థన కూడా అంత తిన్నగా నిలబడదు!

ఆఖరి వింత నాగలాపురం వేదనారాయణ స్వామిది. మత్స్యావతారం. సోమకాసురుడి నుంచి వేదాలు తేవడానికి సముద్రంలో ఏళ్ళ తరబడి ఉన్నాడు కదా, ఆ చలి పోగొట్టడానికి సూర్యుడే వచ్చి కాపడం పెడతాడంటారు. ఏటా మార్చిలో, సాయంత్రం ఆరింటప్పుడు. పడమటి వాకిలి నుంచి ఎండ లోపలికి నడిచొస్తుంది. చీకటి గర్భగుడిలో మొదటి రోజు పాదాలు ఒక్కటే వెలుగుతాయి. రెండో రోజు నాభి. మూడో రోజు కిరీటం! ఆటలోని 'డేలైట్' గంటసేపు ఉంటుంది, ఇక్కడ కొద్ది నిమిషాలే. కిరీటం మీది ఎండ సన్నబడి, నారింజరంగు తిరిగి, రాయిలో కలిసిపోతుంది. పూజారి హారతి వెలిగిస్తాడు. మళ్ళీ చూడాలంటే మార్చి దాకా ఆగాల్సిందే!