అనుదిన పరిచర్యలో మరువబడిన వృద్ధులు



అఫ్జల్‌గంజ్ ప్రక్కనున్న బేగంబజారు మీలో అనేకులకు తెలుసు. ఆ హోల్‌సేలు వీధుల్లో మూటలు మోసే హమాలీలను ఎప్పుడైనా గమనించారా? నడుము వంగేవరకు మోస్తారు. మోయలేని రోజు వచ్చినప్పుడు వారి గతి ఏమిటి?

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనలేము. 1999లో వృద్ధుల కొరకు జాతీయ విధానం ప్రకటించబడింది. 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. బిడ్డలు పోషించకపోతే తల్లిదండ్రులు ఆర్.డి.ఓ. గారి ట్రిబ్యునలులో దరఖాస్తు చేసుకోవచ్చు. నెలకు 10,000 రూపాయల వరకు భరణం ఇప్పించవచ్చునని ఆ చట్టం చెబుతుంది. ఆస్తిని బిడ్డలకు రాసి ఇచ్చేటప్పుడు, తమను చూసుకోవాలనే షరతు దస్తావేజులో రాయించుకుంటే, వారు మాట తప్పినప్పుడు దానిని రద్దు చేయించుకోవచ్చు. ఇక పేదవారికి పింఛను ఉన్నది. తెలంగాణలో 2014లో 1,000 రూపాయలతో మొదలైన ఆసరా పింఛను 2019లో 2,016 రూపాయలకు పెరిగింది.

మరి లోపమెక్కడ? అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయము తీసి చూడండి. యెరూషలేము సంఘములో ఆహారము ఉన్నది, పంచాలనే నిర్ణయమూ ఉన్నది. అయినను కొందరు విధవరాండ్రకు అది అందలేదు. అప్పుడు అపొస్తలులు మరొక ప్రసంగము చేసి ఊరుకోలేదు. ఏడుగురిని ఏర్పరచుకొనుమని శిష్యులకు చెప్పి, ఆ పని ఆ యేడుగురికి అప్పగించారు.

ప్రియులారా, నేడును అదే కొరత. వయసు రుజువు లేదని ఒకరి దరఖాస్తు ఆగిపోతుంది. మూటలు మోసి అరిగిన చేతులకు యంత్రంలో వేలిముద్ర పడదు. కన్నకొడుకు మీద ఫిర్యాదు చేయటానికి ఏ తల్లికి మనసొప్పుతుంది? నిజానికి విచారణకు ముందు రాజీ కుదిర్చే అధికారి యొద్దకు పంపే వీలు ఆ చట్టంలోనే ఉన్నదని ఆమెకు చెప్పేవారు లేరు.

కనుక మీ సంఘములో ఇద్దరినైనా ఏర్పరచుకొనండి. వృద్ధుల పేర్లు, వయసు, ఆధార్, బ్యాంకు పుస్తకం సరిచూడండి. కార్యాలయానికి వారితో కూడ వెళ్ళండి. బిడ్డలతో సంఘ పెద్దలే ముందుగా మాట్లాడండి. వృద్ధుల సహాయానికి 14567 అనే ఉచిత ఫోను నంబరు ఉన్నదని తెలియజేయండి. మన సంఘమువారికే కాదు, ప్రక్కింటి పెద్దాయనకు కూడా.

తల్లిదండ్రులను సన్మానించుమన్న ఆజ్ఞను కంఠస్థం చేసిన మనము, క్యూలో వారి ప్రక్కన నిలబడినప్పుడే దానిని నెరవేర్చినవారమవుతాము. ప్రభువు మిమ్మును ఆ పరిచర్యకు బలపరచును గాక. ఆమేన్.