ప్యాచ్ టెస్ట్: చర్మానికి పడని పదార్థాన్ని గుర్తించడం ఎలా?

గిల్టు గొలుసు వేసుకున్న మెడ చుట్టూ దురద, తాపీ మేస్త్రీ చేతులపై పగుళ్లు, జుట్టుకు రంగు వేసుకున్న మర్నాడు నుదుటిపై వాపు. చూడటానికి ఇవి వేర్వేరు బాధలు. కాని మూడింటికీ మూలం ఒకటే కావచ్చు: తగిలిన పదార్థం చర్మానికి పడకపోవడం. దీనినే ఎలర్జిక్ కాంటాక్ట్ డెర్మటైటిస్ అంటారు. చాలామంది దీనిని తామర అనుకొని ఏదో ఒక ఆయింట్‌మెంట్ పూస్తారు. కారణం తొలగనంతవరకు బాధ తిరగబెడుతూనే ఉంటుంది. ఆ కారణాన్ని కనిపెట్టే పరీక్షే ప్యాచ్ టెస్ట్.

శరీరంలో ఏం జరుగుతుంది?

ఎలర్జీ కలిగించే ఈ రసాయనాలు చాలా చిన్నవి. వాటి అణుభారం సాధారణంగా 500 డాల్టన్ల లోపే. అందువల్ల అవి చర్మం పైపొరను దాటి, లోపలి ప్రోటీన్లతో కలుస్తాయి. చర్మంలోని లాంగర్‌హాన్స్ కణాలు ఈ కొత్త కలయికను పట్టుకొని లింఫ్ గ్రంథులకు చేరవేస్తాయి. అక్కడ టి-లింఫోసైట్లు దానిని గుర్తుపెట్టుకుంటాయి. ఇందుకు సుమారు రెండు వారాలు పడుతుంది. ఈ దశలో బయటకు ఏమీ కనిపించదు. అదే పదార్థం మళ్లీ తగిలినప్పుడు టి-కణాలు అక్కడికి చేరి, సాధారణంగా 1 నుంచి 3 రోజులలో ఎరుపు, దురద, పొక్కులు కలిగిస్తాయి. ఏళ్ల తరబడి పడిన వస్తువు ఒకరోజు హఠాత్తుగా పడకపోవడానికి కారణం ఇదే.

పరీక్ష విధానం

జర్మన్ చర్మవైద్యుడు యోసెఫ్ యాడాసోన్ 1895లో ఈ పద్ధతిని వెల్లడించారు. సూత్రం సులభం: వ్యాధిని చిన్న చోట, మన అదుపులో పుట్టించి చూడటం. సుమారు 8 మిల్లీమీటర్ల వెడల్పున్న అల్యూమినియం గిన్నెలలో అనుమానిత పదార్థాలను ఉంచి, వీపు పైభాగాన టేపుతో అతికిస్తారు. నికెల్ సల్ఫేట్ 5 శాతం, సిమెంటులో ఉండే క్రోమియం కోసం పొటాషియం డైక్రోమేట్ 0.5 శాతం, జుట్టు రంగులోని పారాఫినిలిన్ డైఅమీన్ 1 శాతం చొప్పున పెట్రోలేటంలో కలిపి వాడతారు. సాంద్రత ఎక్కువైతే ఎవరి చర్మమైనా మండుతుంది. తక్కువైతే ఉన్న ఎలర్జీ కూడా బయటపడదు.

48 గంటల తర్వాత పట్టీలు తీసి చూస్తారు. 72 లేదా 96 గంటలకు మరోసారి చూస్తారు. ఎరుపుతో కొద్దిపాటి ఉబ్బు ఉంటే ఒక ప్లస్, చిన్న నీటిపొక్కులు ఉంటే రెండు, అవి కలిసిపోయి పెద్ద పొక్కులైతే మూడు. రెండోసారి చూసేసరికి మచ్చ తగ్గితే అది సాధారణంగా ఒరిపిడి మంట. నిలిచినా, పెరిగినా ఎలర్జీ అనుకోవచ్చు. ఈ రోజులలో వీపు తడవకూడదు.

ఫలితాన్ని అర్థం చేసుకోవడం

ప్లస్ వచ్చినంత మాత్రాన రోగనిర్ధారణ పూర్తికాదు. మేస్త్రీకి నికెల్, క్రోమియం రెండూ ప్లస్ రావచ్చు. నికెల్ ఎలర్జీ పాత వాచీ గొలుసు వల్ల వచ్చినదై, చేతుల పగుళ్లకు అసలు కారణం సిమెంటులోని క్రోమియం కావచ్చు. కనుక వైద్యుడు వృత్తి, అలవాట్లు, మచ్చ ఉన్న చోటు అన్నీ కలిపి చూస్తాడు. కారణం తేలితే మేస్త్రీ తగిన చేతి తొడుగులతో పని కొనసాగించగలడు. తేలకపోతే పనే మానుకోవలసి రావచ్చు. ఐరోపా సమాఖ్య 2005 నుంచి సిమెంటులో నీటిలో కరిగే క్రోమియంను పది లక్షల భాగాలకు 2 భాగాలకు పరిమితం చేసింది.

అన్నిటినీ తప్పించుకోవడం ఇంత తేలిక కాదు. 1950లలో పుణె వద్ద గుర్తించిన వయ్యారిభామ మొక్క నేడు పొలం గట్లన్నిటా ఉంది. దాని ఎండిన పొడి గాలిలో ఎగిరి రైతుల ముఖం, మెడపై ఎలర్జీ కలిగిస్తుంది. ఇక్కడ వ్యక్తి జాగ్రత్త ఒక్కటే చాలదు, ఊరంతా కలిసి పూతకు ముందే మొక్కను పీకాలి.

గుర్తుంచుకోండి: ఈ పరీక్షను ఇంట్లో సొంతంగా చేయరాదు.

ఆలోచించండి
1. ప్యాచ్ టెస్ట్ ఫలితాన్ని 15 నిమిషాలలోనే ఎందుకు చూడలేము?
2. మొదటిసారి రంగు వేసుకున్నప్పుడు రాని దురద పదోసారి ఎందుకు రావచ్చు?