తూటాలను తిరిగి నింపే యంత్రం

ఎన్.సి.సి. శిక్షణలో పాయింట్ 22 రైఫిలును పేల్చిన విద్యార్థులకు, తూటా పేలిన తరువాత మిగిలే చిన్న ఇత్తడి గొట్టం పరిచితమే. గుండు ముందుకు వెళ్ళిపోతుంది, మందు కాలిపోతుంది, గొట్టం మాత్రం చెక్కుచెదరకుండా చేతికి వస్తుంది. తూటా భాగాలలో ఎక్కువ ఖరీదైనది ఈ గొట్టమే. దీనిని మళ్ళీ ఎందుకు ఉపయోగించుకోరాదు?

ఈ ప్రశ్న కొత్తది కాదు. అమెరికాలో 1870 ప్రాంతంలోనే అడవిదున్నల వేటగాళ్ళు కాల్చిన గొట్టాలను ఏరి, చిన్న చేతి పనిముట్లతో తిరిగి నింపుకొనేవారు. ఈనాడు ఆ దేశంలో గురిపోటీలలో పాల్గొనేవారు అనేకులు ఇంటివద్దనే ఈ పని చేసుకొంటారు. అందుకు వారు వాడే యంత్రాలలో ముఖ్యమైనది ‘ప్రోగ్రెసివ్ ప్రెస్సు’. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయరాదు. కాబట్టి ఇది మన ఇళ్ళలో జరిగే పని కాదు. ఐనప్పటికి, ఒక యంత్రం పనిని ఎట్లా వేగిరపరుస్తుందో, ఆ వేగం వల్ల ఏ ప్రమాదం పుడుతుందో తెలుసుకోవడానికి ఇది చక్కని ఉదాహరణ.

తూటాలోని నాలుగు భాగాలు

తూటాలో గొట్టం, ప్రైమరు, మందు, గుండు అని నాలుగు భాగాలున్నవి. గొట్టానికి వాడే ఇత్తడిలో సుమారు 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు తుత్తునాగం ఉంటాయి. మందు మండినప్పుడు ఈ ఇత్తడి వ్యాకోచించి తుపాకి గదిగోడకు అంటుకొని, వాయువులు వెనుకకు రాకుండా అడ్డుతుంది. పీడనం తగ్గగానే కొంత ముడుచుకొని గోడను వదలుతుంది. ఈ స్థితిస్థాపకత ఉన్నందువల్లనే గొట్టం మళ్ళీ పనికివస్తున్నది. ఐతే పూర్తిగా మొదటి కొలతకు రాదు. దానిని నొక్కి సరిచేయవలసి ఉంటుంది.

పూర్వపు తుపాకులలో రంజకం చేసిన పనిని ఇప్పుడు ప్రైమరు చేస్తుంది. దెబ్బ తగలగానే మండి, మందును అంటిస్తుంది. పాయింట్ 22 తూటాలో ఈ పదార్థం గొట్టపు అంచు మడతలోనే ఉంటుంది కాబట్టి దానిని మార్చడానికి వీలులేదు. ఇంగ్లండులో బాక్సర్, అమెరికాలో బెర్డన్ 1866లో రెండు వేర్వేరు పద్ధతులను రూపొందించారు. వీటిలో ప్రైమరు గొట్టం అడుగున మధ్యలో చిన్న గిన్నెవలె కూర్చుంటుంది. బాక్సర్ పద్ధతిలో గొట్టం లోపల మధ్యగా ఒకే రంధ్రం ఉన్నందువల్ల సన్నని సూదితో పాత ప్రైమరును పైనుంచి నెట్టివేయవచ్చు. బెర్డన్ పద్ధతిలో రంధ్రాలు పక్కకు ఉంటాయి కాబట్టి అది అంత సులభం కాదు. విచిత్రమేమంటే, ఇంగ్లీషువాని పద్ధతి అమెరికాలోను, అమెరికావాని పద్ధతి ఐరోపాలోను ఎక్కువగా వ్యాపించినవి. అమెరికాలో తిరిగి నింపడం ఇంత ప్రచారంలోనికి రావడానికి ఇది ఒక కారణం.

నూరు తూటాలకు ఎన్ని లాగులు?

గొట్టాన్ని తిరిగి నింపడంలో ముఖ్యమైన పనులు నాలుగు. మొదట గొట్టాన్ని కొలతకు నొక్కి, పాత ప్రైమరును తీసి, కొత్తది పెట్టాలి. రెండవది, మూతిని కొద్దిగా వెడల్పు చేసి మందు పోయడం. మూడవది, గుండును తగిన లోతుకు కూర్చడం. నాలుగవది, వెడల్పైన అంచును తిరిగి నొక్కడం. వీటిని చేసే ఉక్కు అచ్చులను ‘డైలు’ అంటారు.

సాధారణ ప్రెస్సులో ఒకసారికి ఒక డై మాత్రమే ఉంటుంది. నూరు గొట్టాలకు నాలుగు పనులు చేయాలంటే పిడిని 400 సార్లు లాగాలి. ప్రోగ్రెసివ్ ప్రెస్సులో నాలుగు డైలు వృత్తాకారంగా పైన అమరి ఉంటాయి. కింద ఒక గుండ్రని పళ్ళెం గొట్టాలను పట్టుకొని ఉంటుంది. పిడిని లాగినప్పుడు పళ్ళెం పైకి లేస్తుంది. నాలుగు గొట్టాలు నాలుగు డైలలోకి ఒకేసారి వెళ్తాయి. పళ్ళెం దిగిన తరువాత పావుచుట్టు, అనగా 90 డిగ్రీలు, తిరుగుతుంది. ప్రతి గొట్టం తరువాతి స్థానానికి చేరుతుంది. మొదటి తూటా నాలుగవ లాగుకు పూర్తవుతుంది. ఆపైన ప్రతి లాగుకు ఒక తూటా తయారవుతుంది. అంటే నూరు తూటాలకు 103 లాగులే చాలును. సాధారణ ప్రెస్సుపై గంటకు 50 నుంచి 100 తూటాలు చేయగలవాడు దీనిపై 400కు పైగా చేయగలడు.

కంటికి కనపడని ప్రమాదం

సాధారణ ప్రెస్సుపై పనిచేసేవాడు మందు పోసిన గొట్టాలన్నిటిని ఒక పలకలో నిలబెట్టి, దీపం కింద వరుసగా చూస్తాడు. ఏ గొట్టంలో మందు తక్కువైనా, ఎక్కువైనా తెలిసిపోతుంది. ప్రోగ్రెసివ్ ప్రెస్సులో మందు పడిన మరుక్షణమే గొట్టం గుండు కిందికి పోతుంది. చూడడానికి దొరికే కాలం ఒకటి రెండు సెకండ్లు మాత్రమే.

ఇందులో ఎంత అపాయమున్నదో ఊహించవచ్చు. 9 మి.మీ. పిస్తోలు తూటాలో గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 35,000 పౌనులు. ఇది వాతావరణ పీడనానికి దాదాపు 2,400 రెట్లు. పొగలేని మందులో నైట్రోసెల్యులోజు ముఖ్య పదార్థం. పీడనం పెరిగినకొద్దీ ఇది మరింత వేగంగా మండుతుంది. ఆ మంట పీడనాన్ని ఇంకా పెంచుతుంది. అందుచేత ఒక గొట్టంలో మందు పొరపాటున రెండుసార్లు పడితే పీడనం రెండింతలతో ఆగదు. తుపాకి పగిలి పేల్చినవాని చేతికి, కంటికి హాని కలుగవచ్చు. అసలు మందు పడకపోయినా ముప్పే. ప్రైమరు బలానికి గుండు కొంతదూరం వెళ్ళి గొట్టుకట్టెవలె తుపాకి గొట్టంలో ఇరుక్కొంటుంది. అది గమనించక మరొక తూటా పేలిస్తే తుపాకి గొట్టం ఉబ్బవచ్చు, పగలవచ్చు.

పాయింట్ 38 స్పెషల్ తూటా ఇందుకు మంచి ఉదాహరణ. దీని గొట్టం నల్లమందు కాలంలో రూపొందినది కాబట్టి పొడవైనది. పొగలేని మందు కొద్దిపాటి చాలును. అది గొట్టం అడుగున మాత్రమే ఉంటుంది. రెట్టింపు పడినా పైకి పొర్లదు, తేలికగా కనపడదు.

ఎన్నుకోవడం ఎట్లా?

కాబట్టి యంత్రాన్ని ఎన్నుకొనేటప్పుడు గంటకు ఎన్ని తూటాలు వస్తాయన్నది మొదటి ప్రశ్న కారాదు. మందు పడిన గొట్టాన్ని ఎక్కడ, ఎట్లా చూడగలమన్నది మొదటి ప్రశ్న.

పళ్ళెం తిరిగే పద్ధతులు రెండు. అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రంలో డిల్లన్ సంస్థ తయారుచేసే 550 రకంలో నాలుగు స్థానాలున్నవి. పళ్ళేన్ని చేతితో తిప్పాలి. అదే సంస్థవారి 750 రకంలోను, హార్నడీ సంస్థవారి లాక్-ఎన్-లోడ్ రకంలోను ఐదు స్థానాలున్నవి; పళ్ళెం తనంతట తానే తిరుగుతుంది.

చేతితో తిప్పే యంత్రంలో పని నెమ్మది; ఏదైనా అడ్డుపడితే ఆపి సరిచేయడం తేలిక. కాని తిప్పడం మరచి పిడిని మళ్ళీ లాగితే అదే గొట్టంలో మందు రెండుసార్లు పడవచ్చు. తనంతట తిరిగే యంత్రంలో ఈ మరపుకు తావులేదు. ఐతే మధ్యలో అడ్డుపడినప్పుడు పిడిని సగం లాగి, వదలి, మళ్ళీ లాగితే ఏ గొట్టం ఏ దశలో ఉన్నదో తెలియక అదే పొరపాటు జరుగవచ్చు. ఐదవ స్థానం వల్ల ఒక మేలున్నది: అక్కడ మందు మట్టాన్ని కొలిచి, తేడా ఉంటే హెచ్చరించే పరికరాన్ని పెట్టవచ్చు. నెలకు కొద్ది తూటాలే అవసరమైనవారికి, కొత్తగా నేర్చుకొనేవారికి సాధారణ ప్రెస్సే తగినది. ప్రతి పని విడివిడిగా అర్థమైన తరువాతనే నాలుగింటిని కలపాలి.

అమర్చే విధానం

ప్రెస్సును కదలని బల్లకు బోల్టులతో బిగించాలి. బల్ల ఊగితే మందు కొలత మారుతుంది. ఎందుకంటే యంత్రం మందును తూచి కాక, ఘనపరిమాణంతో కొలిచి పోస్తుంది. కుదుపుకు మందు గట్టిపడి అదే కొలతలో ఎక్కువ బరువు పడవచ్చు. పళ్ళేన్ని పట్టే మర ఊగకుండా, తిరగడానికి అడ్డు కాకుండా బిగించాలి.

డైల మరకు అంగుళానికి 14 చుట్లు ఉంటాయి. ఒక చుట్టు తిప్పితే డై 1.8 మిల్లీమీటర్లు దిగుతుంది. చుట్టులో ఎనిమిదవ వంతు తిప్పితే 0.23 మిల్లీమీటరు. ఈ లెక్క తెలిస్తే గుడ్డిగా తిప్పవలసిన పని ఉండదు. ఒక గొట్టంతో ఒక్కొక్క డైని వరుసగా సరిచేయాలి. చివరి కొలతను మాత్రం అన్ని స్థానాలలో గొట్టాలున్నప్పుడే చూడాలి. గొట్టాన్ని కొలతకు నొక్కే స్థానంలో బలం హెచ్చు. అది ఒక్కటే నిండి ఉంటే పళ్ళెం కొద్దిగా ఒరుగుతుంది. అన్నీ నిండినప్పుడు ఒరుగుడు మారి, తూటా పొడవు కూడా మారుతుంది. ఈ పొడవును వెర్నియర్ కాలిపర్సుతో కొలుస్తారు.

మందు ఎంత వేయాలన్నది ఊహించవలసినది కాదు. మందు తయారుచేసినవారు ప్రకటించిన పట్టికలలో ఆ గుండుకు, ఆ గొట్టానికి సూచించిన కనిష్ఠ కొలతతో ఆరంభించాలి. మందును గ్రెయిన్లలో తూస్తారు. 7,000 గ్రెయిన్లు ఒక పౌను. మొదట పడిన కొన్ని కొలతలను వరుసగా తూచి, నిలకడగా ఉన్నవని తేలిన తరువాతనే పని మొదలుపెట్టాలి. నడుమ నడుమ మళ్ళీ తూచాలి. గొట్టాన్ని సగానికి మించి నింపే మందును ఎంచుకొంటే రెండవసారి పడినది పైకి పొర్లి పొరపాటును తానే బయటపెడుతుంది. బల్లమీద ఎప్పుడూ ఒకే రకం మందు ఉండాలి. అడ్డుపడినప్పుడు పళ్ళెంలోని గొట్టాలన్నిటిని తీసి, ఖాళీచేసి, మొదటినుంచి ప్రారంభించడం మంచిది. కంటికి అద్దాలు తప్పనిసరి. కాల్చిన ప్రైమరు మసిలో సీసం ఉంటుంది కాబట్టి గదిలో గాలి ఆడాలి, పని ముగిసిన తరువాత చేతులు కడుగుకోవాలి. నిప్పు దరిదాపుల ఉండరాదు.

మందుసీసాలు నింపే కర్మాగారంలోను ఇదే సూత్రం పనిచేస్తుంది: పనిని భాగాలుగా విభజించి, అన్ని భాగాలను ఒకేసారి నడిపించడం. అక్కడ కూడా నిండిన సీసాను మూత పడకముందు పరీక్షించే స్థానం ఒకటి ఉండి తీరాలి. నాలుగు వందల లాగులను నూట మూడుకు తగ్గించిన యంత్రం, పలకమీద తీరికగా గొట్టాలను చూసే అవకాశాన్ని కూడా తీసివేసింది. ఆ చూపును మళ్ళీ యంత్రంలో ఎక్కడ నిలపాలో తెలిసినవాడే దానిని సరిగా ఎన్నుకొన్నవాడు, సరిగా అమర్చినవాడు.