ముసురులో నిలదొక్కుకునే మేక

మేకలు కొనేటప్పుడు చాలామంది మొదట అడిగేది "పెద్దదైతే ఎన్ని కిలోలు తూగుతది?" అని. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు మేపు మీద మంద సాదాలనుకునేవాళ్లు అంతకంటే ముందు అడగాల్సింది ఇంకొకటుంది: ఆ మేక మన వానకాలం గట్టెక్కుతుందా?

ఇక్కడ ఏడాది పొడవునా తేమ ఉండదు. మే నెల ఎండకు నేల పెంకులా ఎండిపోతుంది. కానీ జూన్ నుంచి సెప్టెంబరు దాకా ముసురు. ఆ తర్వాత కూడా కాకతీయ కాలువ కింద, మధ్య మానేరు చుట్టుపక్కల తడి ఆరని ఒడ్లు, గట్లు. ఎండకు తట్టుకోవడం ఒక్కటే సరిపోదు. వానల్లో మేకను కూలదోసేది ముఖ్యంగా కడుపులోని నట్టలు.

వాటిలో అన్నిటికంటే చెడ్డది హీమాంకస్. నాలుగో పొట్ట గోడను పట్టుకుని రక్తం తాగుతుంది. ఒక్క ఆడ పురుగు రోజుకు 5,000 నుంచి 10,000 దాకా గుడ్లు పెడుతుంది. పెంటికలతో నేల మీద పడిన గుడ్లు, వెచ్చదనం, తడి దొరికితే వారం పది రోజుల్లో పిల్ల పురుగులై గడ్డి మీది నీటి పొర వెంట పైకి పాకుతాయి. ఎక్కువ భాగం నేల నుంచి బెత్తెడు ఎత్తు దాటవు. మేక మింగిన సుమారు మూడు వారాలకు అవి మళ్లీ గుడ్లు పెడతాయి. నడి ఎండకాలంలో బీడు మీద ఇవి బతకలేవు. వానల్లో మాత్రం మందంతటికీ పాకుతాయి.

మేక పుట్టుకతో తల ఎత్తి మేసే జీవం. తుమ్మ, రేగు, సుబాబుల్ ఆకు అందుకుంటే పురుగు దాని నోటికి రాదు. తరతరాలుగా నేల గడ్డి కొరికిన గొర్రెకు ఈ పురుగును ఎదుర్కొనే శక్తి కొంత వచ్చింది. మేకకు అంత రాలేదు. పొదలు కొట్టేసి పొలాలు చేశాక మేకకూ తల దించక తప్పలేదు. మన కష్టమంతా ఇక్కడ మొదలైంది.

దక్షిణాఫ్రికా బోయర్ పోతు వంద కిలోలు దాటి కూడా పెరుగుతుంది. ఆ అంకె చూసి ఆశపడటం సహజమే. కానీ అది పొడి నేలల జాతి. ఉక్కపోత ఎక్కువైన అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో టెనెసీ స్టేట్ విశ్వవిద్యాలయం బోయర్, కికో, స్పానిష్ మేకలను ఒకే మేపు మీద పోల్చి చూసింది. బోయర్ తల్లులకు జబ్బులు ఎక్కువయ్యాయి. పాలు మాన్పించేదాకా బతికించిన పిల్లలూ తక్కువే. కికో సంగతి ఆలోచించదగ్గది. న్యూజిలాండ్‌లో అడవి పాలైన మేకలను పాడి జాతి పోతులతో కలిపి, సేవలు చేయకుండా, తట్టుకున్నవాటినే మిగుల్చుకుంటూ తయారుచేసిన జాతి అది.

కికో కోసం మనం వెతకనక్కర్లేదు. ఉస్మానాబాదీ మనకు దగ్గర. ఒకప్పటి హైదరాబాద్ సంస్థానంలోని ఉస్మానాబాద్, లాతూర్ వైపుది. ఎక్కువగా నలుపు, పెద్దది 30–35 కిలోలు తూగుతుంది, మేపు బాగుంటే కవలలు మామూలే. మన ఊళ్ల నాటు నల్ల మేకలు కూడా ఈ ఎండావానల్లోనే తరాలు గడిపినవి. నా మాట ఒక్కటే: తల్లులు వీటి నుంచే రావాలి. బోయర్ రక్తం కావాలంటే అమ్మకపు పిల్లల కోసం పోతు వరకు సరి, అదీ కొట్టంలో దాణా పెట్టగలిగినవాళ్లకు.

మేకలను ఎండకాలంలో కాదు, వానలు వెనకబట్టే వేళ కొనండి. అప్పుడు దాగేదేమీ ఉండదు. కింది కనురెప్పను మెల్లగా దించి లోపలి పొర చూడండి. ఎర్రగా ఉంటే మంచిది. తెల్లగా పాలిపోతే నట్టలు రక్తం తాగేశాయి. దవడ కింద నీరు దిగిందంటే ముదిరినట్టే. దక్షిణాఫ్రికాలో ఈ పరీక్షకు ఫమాచ అనే రంగుల కార్డు తయారుచేశారు. మందలో ఎక్కువ పురుగులు మోసేవి కొన్ని జీవాలే కాబట్టి, పాలిపోయినవాటికే మందు పోస్తే పురుగులు మందుకు మొండికెత్తడం ఆలస్యమవుతుంది. మేక ఒంట్లో మందు గొర్రెలో కంటే తొందరగా కరిగిపోతుంది. మోతాదు పశువైద్యుణ్ణి అడిగే వేయాలి. కోరుట్లలో పశువైద్య కళాశాలే ఉంది.

మంచు ఆరాకే మందను తోలడం, బెత్తెడుకు తగ్గిన గడ్డిని వదిలేయడం ఏ జాతికైనా తప్పదు. వరి మడుల పక్క నత్తల నుంచి వచ్చే కార్జపు జలగకు ఏ జాతీ అతీతం కాదు.

మనల్ని ఎక్కువగా దెబ్బతీసేది మరొకటి. బలంగా పెరిగిన పోతు బక్రీద్‌కో, జాతరకో ముందే అమ్ముడుపోతుంది. బక్కది మిగిలి మందకు తండ్రవుతుంది. నట్టలను తట్టుకునే గుణం కొంత వారసత్వంగా వస్తుంది కాబట్టి, వానకాలమంతా మందు లేకుండా రెప్ప ఎర్రగా నిలిచిన తల్లికి పుట్టిన కవల పోతుల్లో ఒకదాన్ని గుర్తు పెట్టి ఆపుకోవాలి. దాని కూతుళ్లు ఎదకు రాకముందే, పక్క ఊరి మందతో పోతును మార్చుకోవాలి.