సముద్రపు నాచు – మన యింటి యుప్పు
మేము గ్రామములకు పోయినపుడు, “కల్లుప్పు సముద్రమునుండి వచ్చినదే గదా, అందు అయోడిన్ లేకుండునా?” యని రైతుసోదరులు కొందఱు అడుగుచుందురు. ఈ సందేహము తీరవలెనన్న సముద్రపు నాచు సంగతి తెలియవలెను.

1811వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమునందు సురేకారము తయారుచేయు కూర్త్వా యనునతడు, నాచు కాల్చిన బూడిదతో పనిచేయుచు గంధకామ్లము మోతాదు మించి పోసెను. ఊదారంగు ఆవిరి లేచి, చల్లారి, నల్లని పలుకులుగా గట్టెను. అదియే అయోడిన్. మెడ వాచు గళగండమునకు కాల్చిన నాచును, స్పంజిని మందుగా నిచ్చుట అంతకు మున్నే కలదు. వాని గుణము అయోడిన్‌వలననే యని యూహించి, జెనీవా వైద్యుడు క్వాండే 1820లో దానినే రోగులకిచ్చి మేలు గాంచెను. మెడలోని థైరాయిడ్ గ్రంథికి అయోడిన్ ఆహారమని పిదప తేలినది.

సముద్రజలములో అయోడిన్ అత్యల్పము. నాచు దానిని తనలో కూడబెట్టుకొనును. ఉప్పుమడిలో గట్టిన పలుకునందు అది నామమాత్రమే. పెద్దలకు దినమునకు 150, గర్భిణికి 250 మైక్రోగ్రాములు వలయును. గర్భిణికిది మిక్కిలి కొఱవడినచో బిడ్డ చెవుడుతోను మందబుద్ధితోను పుట్టవచ్చును.

అట్లని నాచునే తెచ్చి తినరాదు. జపానులో హొక్కైడో తీరమున నాచు మితిమీఱి తిన్నవారికిని గళగండము వచ్చినది.

కావున అయోడిన్ కలిపిన యుప్పునే కొనుడు. మూతగల డబ్బాలో, తడికిని పొయ్యి వేడిమికిని దూరముగా నుంచుడు. వంట దించునపుడు వేయుడు. ఉప్పు హెచ్చింపనక్కఱలేదు, మార్చిన చాలును.